ఉలవలు వద్దన్న గుర్రం

మా జిల్లా వేరుశనక్కాయల్లో పొల్లు ఉంటే ఉండొచ్చు గాని, నా కథల్లో పొల్లు ఉండదు. తనకల్లు సంతలో ఎవరినైనా అడగండి, ముందు నవ్వి తర్వాత ఒప్పుకుంటారు. ఇప్పుడు చెప్పబోయేదైతే మరీ నికార్సు సరుకు. చేటలో పోసి చెరిగి, మట్టిబెడ్డలు ఏరేసి మీ ఒళ్ళో పోస్తున్నాను. అనుమానముంటే కొరికి చూసుకోండి.

ఓబులేష్‌ది సోమందేపల్లె పక్కన ఒక మెట్ట పల్లె. నాయనతో పాటు చేను చూసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. కట్టాడు. ఫీజు కట్టడంలో ఆలస్యం చేసినందుకు పరీక్ష సెంటరు దగ్గర్లో దొరక్క కదిరిలో పడింది. బి.ఎడ్. ఎంట్రన్సులో ర్యాంకు ముందే వచ్చేసింది. డిగ్రీ పాసైతే బి.ఎడ్. సీటు, ఆ వెనక టీచరు ఉద్యోగం, ఇదీ వాడి లెక్క. అది రెండువేల రెండో సంవత్సరం. వాన మీద లెక్కలు వేసుకునే ధైర్యం ఎవరికీ లేని యేడు గనక, వాడు చదువు మీద వేసుకున్నాడు.

ఫలితాల్లో అందరి నంబర్ల పక్కనా మార్కులు పడితే, ఓబులేష్ నంబరు పక్కన 'విత్‌హెల్డ్' అని పడింది. వెనకాలే యూనివర్సిటీ నుంచి పిలుపు. చరిత్ర పేపరులో మాల్‌ప్రాక్టీసు చేసినావు, విచారణకు రా అని. అంటే ఏమిరా అని వాళ్ళమ్మ మారెక్క అడిగింది. పక్కవాళ్ళది చూసి రాసినానంట అని చెప్పాడు. మారెక్క కొడుకును ఎగాదిగా చూసి, వీడికి అంత తెలివి ఉంటే నాకీ తిప్పలేమిటికి, వాళ్ళు ఎవరినో చూసి ఎవరో అనుకున్నారని తేల్చేసింది. తల్లి నమ్మకం అంటే అదీ.

యూనివర్సిటీ వరండాలో బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన వాళ్ళ నాయన తలగుడ్డ విప్పి విసురుకుంటున్నాడు. ఆ అమ్మాయి మొహం ఓబులేష్‌కు కొత్త. ఆమె నీళ్ళు తాగడానికి లేచి అటు తిరిగింది చూడండి, అప్పుడు వాడు గుర్తుపట్టాడు. ఆ జడ తెలుసు. పరీక్షలన్నాళ్ళూ వాడి ముందు బెంచీలో, వాడి కళ్ళెదుట వేలాడిన జడ అది.

ఆమె పేరు ఈశ్వరి. తనకల్లు దగ్గర పల్లె. వాళ్ళ నాయన ఆంజినప్పకు మేకలున్నాయి, మాటలు లేవు. ఈశ్వరికి కూడా బి.ఎడ్. ర్యాంకు వచ్చింది, ఆమె నంబరు పక్కన కూడా అదే 'విత్‌హెల్డ్'. నీళ్ళు తాగి వచ్చి ఓబులేష్ ముందు నిలబడింది.

"నువ్వేనా నా వెనక కూర్చున్యది?"

"నేనే."

"చూసి రాసేటోనివి రాస్తివి, రెండు మాటలు మార్చి రాసేదానికి ఏమొచ్చింది నీకు?"

"నేను చూసి రాసినానా? నీ జడ అడ్డం ఉండి గోడ మీద గడియారం గూడా కనపడలేదు నాకు."

"అంటే పరీక్ష రాసేది ఇడిసిపెట్టి నా జడ చూస్తాంటివి."

ఓబులేష్ తల తిప్పి, ఆ వరండా గోడ మీద గడియారం ఏమైనా ఉందా అని వెతికాడు.

లోపల ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెట్టి వాళ్ళలో ఒకాయన చదివాడు. ప్రశ్న ధాత కరువు గురించి. మా తాతల తాతలు చూసిన పెద్ద కరువది. ఆ కాలంలో జనాన్ని ఎలా ఆదుకున్నారో రాయమన్నారు. ఇద్దరూ మొదట బావుల తవ్వకం రాశారు, తర్వాత రోడ్డు పనులు రాశారు, ఆ తర్వాత గంజి తొట్లు. అంతవరకూ ఎవరైనా రాస్తారు. ఆఖర్న ఇద్దరూ ఒకే సంగతి రాశారు. కరువు పనులు చూడ్డానికి వచ్చిన దొరవారి తెల్లగుర్రం ఉలవలు తిననని అలిగిందట, ఆ ఉలవలు వృథా చేయడం ఎందుకని గంజి కాచి జనానికి పోశారట, గంజి తొట్లు అలా మొదలయ్యాయట.

ఈ గుర్రం ఏ పుస్తకంలోనూ లేదన్నాడు చదివినాయన. ముక్కూ మొహం తెలియని ఇద్దరికి ఒకే గుర్రం ఎట్లా కనపడుతుందని ఇంకొకాయన అడిగాడు. ఎక్కడ చదివారని మూడో ఆయన అడిగాడు. ఇద్దరూ నేల చూశారు. నేల చూడ్డం కూడా ఒకేసారి చూడ్డంతో పెద్దల అనుమానం ఖాయమైపోయింది. ఈ పరీక్ష రద్దు, వచ్చే పరీక్షకు కూర్చోకూడదు అని తీర్పు చెప్పేశారు. అంటే బి.ఎడ్. సీటు గోవిందా.

అప్పీలు చేసుకోవచ్చని చెప్పిన పుణ్యాత్ముడు కౌంటర్లో ఉన్న గుమాస్తా దివాకర్. పై కమిటీ ఒకటుంది, దానికి పెట్టుకోండి, అక్కడ మీరు చూపించాల్సింది ఒకటే, మీ ఇద్దరికీ పరిచయం లేదని, ఎవరికి వారుగా నేర్చుకున్నారని. అంతవరకూ ఇద్దరూ కలిసి టీ తాగినట్టు ఎవరైనా చూసినా మీ అప్పీలు పోయినట్టే అన్నాడు.

ఈశ్వరి కిటికీలోకి చూస్తూ, పెదవులు కదలకుండా ఓబులేష్‌తో చెప్పింది.

"ఆదివారం కదిరి బస్టాండుకు రా. మాట్లాడాల. నేను తెలిసినట్టు రాబాక."

చూశారు గదా వీళ్ళ పని. పరిచయం లేదని నిరూపించుకోవడానికి వాళ్ళు కలుసుకోవాల్సి వచ్చింది.

కదిరి బస్టాండులో వీపుకు వీపు ఆనించినట్టుండే జంట బెంచీలుంటాయి. ఒకవైపు కూర్చుంటే హిందూపురం బస్సులు కనపడతాయి, రెండోవైపు మదనపల్లె బస్సులు. ఓబులేష్ ఇటు, ఈశ్వరి అటు. ఎవరి బస్సుల్ని వాళ్ళు చూస్తున్నట్టు, గాలితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుకోవాలని ఒప్పందం. మొదటి ఆదివారం ఒకరినొకరు దొంగా దొంగా అనుకోవడంతో సరిపోయింది. రెండో ఆదివారం ఉగ్గాని బజ్జి పొట్లాలు బెంచీ కింది నుంచి ఇటు నుంచి అటు పోయాయి. ఆ తర్వాత కేసు గురించి మాట్లాడిందెంత, వేరే మాట్లాడిందెంత అని అడక్కండి. ప్రేమలో పడేవాళ్ళు కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుంటారంటారు. వీళ్ళు మాత్రం ఒకడు హిందూపురం బోర్డు చూస్తూ, ఒకతి మదనపల్లె బోర్డు చూస్తూ పడ్డారు. ఆమె నవ్వితే వాడి వీపుకు తెలిసేది.

ఒకరోజు ఓబులేష్ ధైర్యం చేసి, బస్సు బోర్డు మీదనుంచి చూపు తిప్పకుండా మెల్లగా అడిగాడు.

"ఇంట్లో సంబంధాలేమన్నా చూస్తాండారా?"

పక్కన సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చున్న ముసలావిడ తలెత్తింది.

"ఎవురికప్పా, నాకా?"

బెంచీ అటువైపు నుంచి ఈశ్వరి నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గు ఎంతకూ ఆగకపోతే, ముసలావిడ బెంచీ చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె నడినెత్తిన తట్టి, ఒక సీతాఫలం చేతిలో పెట్టి, ఈ పిల్లోని పక్కన కూర్చోబాక, తిక్కలోని మాదిరి ఉండాడని చెప్పి పోయింది.

గుర్రం సంగతి తేలింది కూడా ఆ బెంచీ మీదే. నీకు ఎవరు చెప్పారని ఈశ్వరి ఎన్నిసార్లు అడిగినా ఓబులేష్ నసుగుతూ వచ్చాడు. బి.ఎడ్. చదవబోయేవాడు చరిత్రను చెక్కభజన పాటలో నేర్చుకున్నానని ఎలా చెప్పుకుంటాడు? కానీ ఆ ప్రశ్న గైడులో లేదు, చేతిలో ఉన్నది ఆ పాటే. పరీక్షలో కూడా కాలు నేలకు తాటిస్తూ, పాటను గుర్తు చేసుకుంటూ, అయ్యలూ గియ్యలూ తీసేసి వచనంలో రాశాడు. చివరికి వేలితో బెంచీ మీద దరువేస్తూ లోగొంతుతో అందుకున్నాడు.

"ధాత కరువు వచ్చెనయ్యా, ఆకు అలమూ మేసిరయ్యా…"

వెనకనుంచి అదే దరువు, అదే వరస.

"దొరవారి తెల్లగుర్రం, ఉలవలొద్దని అలిగెనయ్యా."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. ఒప్పందం తప్పిపోయింది. అంత దగ్గరగా ఆమె మొహం చూడ్డం ఓబులేష్‌కు అదే మొదలు. చూశాక వాడికి పాటలో తరువాతి చరణం గుర్తు రాలేదు. చాలాసేపటిదాకా వాడి ఊరి పేరు కూడా గుర్తు రాలేదనుకోండి.

ఆ పాట ముత్యాలప్పది. ముత్యాలప్ప చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు కట్టించి, కుర్రాళ్ళను రెండు వరసలుగా నిలబెట్టి, పాటకు అడుగులు నేర్పిస్తాడు. ఒక ఊర్లో మూన్నెల్లు మకాం పెడతాడు, ఊరంతా వంతులేసుకుని కూడు పెడుతుంది, ఆ జట్టు తయారయ్యాక ఇంకో ఊరికి పోతాడు. ఒక ఎండాకాలం ఓబులేష్ వాళ్ళ ఊర్లో నేర్పించాడు. ఇంకో ఎండాకాలం ఈశ్వరి వాళ్ళ ఊర్లో. ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టలేదు గాని, మిద్దె మీద నుంచి చూసి ఆమె అడుగులన్నీ నేర్చేసుకుంది. ఒకే పాట రెండు ఊర్లలో పండింది, పంట వెళ్ళి ఒకే పరీక్ష హాల్లో పడింది. ఇంతే కేసు.

ఇద్దరూ వెతుక్కుంటూ పోయి, ముత్యాలప్ప మకాం పెట్టిన ఊర్లో ఆయన్ను పట్టుకున్నారు. జరిగింది విని ఆయన మురిసిపోయాడు. తన పాట యూనివర్సిటీ దాకా పోయిందని ఆ ఊరి వాళ్ళందరినీ పిలిచి చెప్పాడు. వీళ్ళిద్దరికీ రాగిసంగటి పెట్టించి, వచ్చి పాడతానని మాటిచ్చాడు. ఏం చెప్పాలో, ఎవరికి దండం పెట్టాలో, ఎక్కడ బీడీ కాల్చకూడదో అన్నీ ఆయనకు నేర్పించారు. ఒక్కటి చెప్పడం మరిచిపోయారు. మేమిద్దరం పరిచయం లేనివాళ్ళం అని.

అప్పీలు రోజు పై కమిటీకి పెద్ద నారాయణస్వామి. చరిత్ర ప్రొఫెసరు, కరువుల మీదే పరిశోధన చేసిన మనిషి. మిగతా ఇద్దరికీ ఇది కాపీ కేసు గాని, ఆయనకు మాత్రం గుర్రం కేసు. పేపర్లు చూసిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు. తనకు తెలియని ఆధారం ఏదో ఈ పల్లెల్లో మిగిలి ఉందేమోనని ఆశ. ఓబులేష్ ఒక మూల, ఈశ్వరి ఇంకో మూల, ఒకరినొకరు పుట్టి ఎరగనట్టు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. గోడవారగా కుర్చీలో ఆంజినప్ప.

ముత్యాలప్పను పాడమన్నారు. కూర్చుని పాడితే ఆయనకు పాట రాదు. నిలబడినా రాదు. కాళ్ళు కదిలితేనే వస్తుంది, అదీ ఎదురుగా వరస ఆడుతుంటేనే. గదిలో పెద్దల్ని ఆడమనలేం గదా. వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, చేతికి చెక్కలిచ్చి, అడుగు వేయమన్నాడు.

ఒక్క అడుగు తప్పలేదు. వాడు ముందుకొస్తే ఆమె వెనక్కి, ఆమె తిరిగితే వాడు తిరిగి. గుర్రం చరణం దగ్గర ఇద్దరూ కలిసి ఎగిరి గిర్రున తిరిగేసరికి బల్ల మీది కాగితాలు కూడా లేచాయి. కమిటీలో ఒకాయన తెలియకుండానే పెన్నుతో తాళం వేశాడు. ఓబులేష్‌కు ఇక కేసు గెలిచినట్టే అనిపించింది.

ముత్యాలప్ప చెమట తుడుచుకుని, ఆనందం పట్టలేక నోరు తెరిచాడు.

"చూస్తిరా సార్, ఏం జోడు. మొన్న ఇద్దరూ కలిసి నా కాడికి వచ్చినప్పుడే అనుకుంటి. ఒకే పళ్ళెంలో సంగటి తిన్యారు, యాడా తగువాడుకోలే."

గదిలో పెన్ను తాళం ఆగిపోయింది. గోడవార కుర్చీ కిర్రుమంది.

నారాయణస్వామి కళ్ళద్దాలు తీసి ఓబులేష్‌ను చూశాడు. ఆ అమ్మాయి నీకు తెలుసా అని అడిగాడు.

గురువు పొరబడ్డాడని బుకాయించి తెలియదంటే సీటు. తెలుసంటే డిబారు. తెలియదని చెప్పడానికి వాడు ఇంటి దగ్గర గోడ ముందు నిలబడి ఎన్నోసార్లు చెప్పుకుని వచ్చాడు. ఈశ్వరి కూడా కళ్ళతో అదే చెప్పమంటోంది. తీరా ఆమె ఎదురుగా నిలబడి ఉండగా, చెక్కలు ఇంకా చేతిలో ఉండగా, వాడి నోటికి వేరే మాట వచ్చింది.

"పరీక్షనాడు తెల్దు సార్. ఇప్పుడు తెలుసు."

"ఎట్లా పరిచయం?"

"మీరు చేసినదే సార్. కేసు మీరు పెట్టకపోతే నేను సోమందేపల్లె, ఆమె తనకల్లు. ఈ జన్మకు మాట్లాడుకునే పనే లేదు." ఓబులేష్ చెక్కలు బల్ల మీద పెట్టాడు. "తెల్దని చెప్పమంటే చెప్తా సార్, సీటు వస్తాది. గాని రేపు పెండ్లి చేసుకోవల్లని ఉండాది. పెండ్లి చేసుకునే పిల్లను తెల్దని ఎట్ల చెప్పేది?"

నారాయణస్వామి మెల్లగా ఈశ్వరి వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అన్నాడు. పెళ్ళి సంగతి ఆమెకు కూడా ఇప్పుడే తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి గాని తల దించలేదు.

"చూసి రాయలేదు సార్. అది ఖాయం. ఇంగొకటి అడిగినాడే, అది ఆలోచిస్తాండా."

మిగతా ఇద్దరు పెద్దలూ గుసగుసలాడుకున్నారు. నారాయణస్వామి ముత్యాలప్పను దగ్గరకు పిలిచి కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, ఆ గుర్రం సంగతి మీకు ఎవరు చెప్పారు, మీ తాతగారా, ఏదైనా తాటాకు గ్రంథమా అని ఎంతో ఆశగా అడిగాడు.

"ఎవురూ చెప్పలే సార్. పాటలో రెండు దరువులు తక్కువైతాంటే గుర్రాన్ని తెచ్చి కట్టినా. మొదట ఎద్దును కట్టినా, కుదర్లే. గుర్రమైతే పిల్లోళ్ళు బాగా ఎగురుతారు."

పాపం, ప్రొఫెసరు మొహంలో ఎన్నాళ్ళ పరిశోధనో కూలిపోవడం అందరూ చూశారు. కానీ పెద్దమనిషి. కళ్ళద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పాడు. నేర్చుకున్న చోటు ఒకటే గనక రాసింది ఒకటైంది, ఇది కాపీ కాదు, కేసు కొట్టివేయడమైనది. పరీక్ష అయిపోయాక కలిగిన పరిచయానికి యూనివర్సిటీ రూల్సులో శిక్ష ఏదీ లేదు. అయితే ఆ జవాబులో బావులకు మార్కులు, రోడ్లకు మార్కులు, గుర్రానికి సున్నా. అవి పోయినా ఇద్దరూ పాసే.

బయటికొచ్చాక ఓబులేష్‌కు కొత్త భయం పట్టుకుంది. ఆంజినప్ప తలగుడ్డ చుట్టుకుంటూ వాడి పక్కకొచ్చి నిలబడ్డాడు. పొద్దుట నుంచి ఆ మనిషి నోరు విప్పలేదు.

"ఏమప్పా, నీ పేరేమి?"

"ఓబులేష్."

"మా పాప ఒగ దాన్ని గురించి ఆలోచిస్తాండా అన్న్యాదంటే, అది అయిపోయినట్టే. బి.ఏ. కడతానన్న్యప్పుడు గూడా ఇంతే. మీ నాయనను ఒగసారి రమ్మను. మేకల్ని చూడొచ్చెటట్టు రమ్మను, ఊరోళ్ళు అడిగితే చెప్పేకి బాగుంటాది."

జీవితంలో ఆంజినప్ప ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు, ఆఖరు కూడా. అలసిపోయి, ముత్యాలప్పను తీసుకుని రోడ్డవతల టీ కొట్టుకు వెళ్ళిపోయాడు.

బస్సు షెల్టరు కింద వీళ్ళిద్దరే మిగిలారు. అంతలో కొండల మీదనుంచి నల్లటి మబ్బు వచ్చింది. మట్టి వాసన లేచింది. టపటపా పెద్ద చినుకులు, వెనకాలే జడివాన. షెల్టరు రేకు మీద వెయ్యి చెక్కలు ఒకేసారి మోగినట్టుంది. కదిరి బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు పిలిచాడు. ఇంత వానలో ఎలా ఎక్కుతామన్నట్టు ఇద్దరూ చేతులూపారు. బస్సు పోయింది. ఇంకో బస్సు వచ్చింది. అదీ పోయింది. జల్లు పడి ఆమె జడ తడిసింది. ఓబులేష్ జడ వైపు చూడకుండా ఉండటానికి శతవిధాల ప్రయత్నించి, ఓడిపోయాడు.

"మీ ఊరికి పోవల్లంటే బస్సు యాడ మారల్ల?" అంది ఈశ్వరి వాన వైపు చూస్తూ.

ఓబులేష్ ఉత్సాహంగా మొదలుపెట్టాడు. కదిరిలో ఎక్కాలని, గోరంట్లలో దిగి మారాలని, మధ్యాహ్నం బస్సు నమ్ముకోకూడదని, ఊరికి బస్సు రాదు గనక రోడ్డు మీద దిగి నడవాలని, దారిలో కుక్కలుంటాయి గాని కరవవని, అన్నీ వివరంగా చెప్పుకుంటూ పోయాడు. ఆమె అంతా విని తలూపింది. వాడు కుక్కల రంగులు కూడా చెప్పి, చాలాసేపటికి ఆగి, నోరు తెరుచుకుని ఆమెను చూశాడు.

"నీకెందుకు అదంతా?"

"ఆలోచన అయిపోయింది," అంది ఈశ్వరి. "దావ తెలుసుకుంటాండా."

ఇంతే కథ. వాళ్ళిద్దరూ ఇప్పుడు టీచర్లు, ఒకే మండలంలో.

పొల్లు లేదన్నాను గదా, ఉంది. గుర్రం నాది కాదు, ముత్యాలప్పది. సంగటి పళ్ళెం నిజం, ముసలావిడ సీతాఫలం నిజం, మేకలు నిజం. వాన ఒకటి నేను కలిపాను. ప్రేమకథలో వాన లేకపోతే చదివేవాళ్ళు ఊరుకోరని. ఆ యేడు మాకు చినుకు రాలలేదు. ఆ సాయంత్రం మిట్ట మధ్యాహ్నం లాంటి ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. కదిరి బస్సు ఆగినప్పుడు ఎందుకు ఎక్కలేదో చెప్పడానికి ఆ ఇద్దరికీ ఏ సాకూ లేదు. అయినా ఎక్కలేదు.